పాత ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవుతోంది, కొత్తదాంట్లో ఇరుక్కుపోతోంది: ఒక ఎస్‌ఎస్‌హెచ్ కేసు

కంప్లయింట్ నా దగ్గరికి వచ్చినప్పుడు ఒకే ఒక్క వాక్యం. "కొత్త ల్యాప్‌టాప్‌ల నుంచి బ్రాంచి సర్వర్లకి ఎస్‌ఎస్‌హెచ్ పనిచేయడం లేదు." ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరంగా ఉన్న మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి. ఇలాంటి కంప్లయింట్లంటే నాకు కాస్త భయం. "పనిచేయడం లేదు" అన్న మాట చాటున మామూలుగా రెండు మూడు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. అన్నిటికీ ఒకే మందు వెతుకుతూ కూర్చుంటే రోజు గడిచిపోతుంది.

ముందు అక్కడి ఏర్పాటు చెప్తాను. ఒక సంస్థకి ప్రధాన ఆఫీసు, దూరంగా ఒక బ్రాంచి ఆఫీసు. రెండిటి మధ్య ఒకప్పుడు లీజ్డ్ లైన్, అంటే అద్దెకి తీసుకున్న ప్రత్యేక లైను, ఉండేది. కొన్ని నెలల క్రితం దాన్ని తీసేసి, మామూలు ఇంటర్నెట్ మీద వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టన్నెల్, అంటే బయటివాళ్లు చూడలేని దారి, పెట్టారు. టన్నెల్‌కి రెండు చివర్లా రెండు లినక్స్ రౌటర్లు. బ్రాంచిలో తొమ్మిది సర్వర్లు: ఆరింటిలో ఉబుంటు 22.04, రెండింటిలో ఉబుంటు 20.04, మూలన ఒక సెంట్ఓఎస్ 6, అన్నీ లినక్స్ రకాలే. ప్రధాన ఆఫీసులో అడ్మిన్‌లు వాడే ల్యాప్‌టాప్‌లు అప్పటిదాకా ఉబుంటు 20.04. వాటిని మార్చి ఉబుంటు 24.04 ఉన్న కొత్తవి ఇచ్చారు. ఇచ్చిన రోజు నుంచే గోల మొదలైంది.

నేను వెళ్లేసరికి టీమ్ చాలా పనులే చేసింది. పాస్‌వర్డ్ బదులు వాడే లాగిన్ కీలు కొత్తగా తయారుచేసి సర్వర్ల మీద వేశారు. సర్వర్ల గుర్తింపులు దాచుకునే నోన్ హోస్ట్స్ ఫైలు తుడిచేశారు. ఒక సర్వర్‌లో ఎస్‌ఎస్‌హెచ్ నడిపే ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. ఎవర్నీ తప్పు పట్టను. ఎస్‌ఎస్‌హెచ్ అనగానే అందరికీ మొదట గుర్తొచ్చేది కీలే. కానీ కీల వంతు రాకముందే లాగిన్ ఆగిపోతుంటే కీలు ఎన్నిసార్లు మార్చి ఏం లాభం?

ముందుగా ఒక కాగితం మీద గళ్లు గీసి, ఏ ల్యాప్‌టాప్ నుంచి ఏ సర్వర్‌కి ఏమవుతోందో నింపాను. పావుగంట పట్టింది. పాత ల్యాప్‌టాప్ నుంచి తొమ్మిది సర్వర్లకీ లాగిన్ అవుతోంది. కొత్తదాని నుంచి 20.04 ఉన్న రెండు సర్వర్లకీ అవుతోంది. 22.04 ఉన్న ఆరింటికీ చడీచప్పుడు లేకుండా ఇరుక్కుపోతోంది. సెంట్ఓఎస్ 6కి మాత్రం ఇరుక్కోవడం లేదు, అర సెకనులో ఎర్రర్ ఇచ్చి బయటికి వచ్చేస్తోంది.

అంటే ఇక్కడ కనీసం రెండు కేసులున్నాయి. తేలికైనది ముందు తీసి పక్కన పెడదాం.

సెంట్ఓఎస్ 6లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 5.3. సర్వర్ తానెవరో నిరూపించుకునే హోస్ట్ కీల్లో దానికి తెలిసిన రకాలు రెండే: పాత ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏ, ఇంకా పాత డీఎస్ఎస్. ఆర్‌ఎస్‌ఏ కీతో షా-1 హాష్ వాడి చేసే సంతకాన్ని 2021లో వచ్చిన 8.8 వెర్షన్ నుంచి క్లయింట్ (లాగిన్ అయ్యే వైపు ప్రోగ్రామ్) తనంతట తాను ఒప్పుకోదు. డీఎస్ఎస్ అయితే 2015లో, 7.0తోనే పక్కకి పోయింది. అందుకే కొత్త ల్యాప్‌టాప్ "సరిపోయే హోస్ట్ కీ రకం దొరకలేదు" అని, సర్వర్ ఇస్తానన్న రకాల పేర్లు కూడా చూపించి ఆగిపోతోంది. ఆ ఒక్క సర్వర్ పేరు మీద మాత్రమే, క్లయింట్ కాన్ఫిగ్ ఫైల్లో హోస్ట్ కీ అల్గారిథమ్స్ దగ్గర ఎస్‌ఎస్‌హెచ్-ఆర్‌ఎస్‌ఏని ప్లస్ గుర్తుతో చేర్చాను. లాగిన్‌కి వాడేదీ ఆర్‌ఎస్‌ఏ కీయే కాబట్టి పబ్‌కీ యాక్సెప్టెడ్ అల్గారిథమ్స్ దగ్గర కూడా అదే చేశాను. చాలామంది దీన్ని అన్ని హోస్ట్‌లకీ వర్తించేలా నక్షత్రం గుర్తు కింద రాసేస్తారు. అలా చేస్తే ఒక ముసలి సర్వర్ కోసం మిగతా అన్నిటి తలుపులకీ గడియ తీసినట్టే. సెంట్ఓఎస్ 6కి 2020 నవంబర్ 30తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి, ఆ మెషీన్ మార్చాల్సిందేనని రిపోర్టులో రాసి ముందుకు కదిలాను.

అసలు కేసు: చడీచప్పుడు లేని ఆ ఆరు సర్వర్లు

నెట్‌వర్క్ ఎలా విఫలమైందన్నదే సగం సమాచారం ఇస్తుంది. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" వస్తే ప్యాకెట్ అవతలికి చేరింది, అక్కడ వినేవాళ్లు లేరు, లేదా ఫైర్‌వాల్ మర్యాదగా కాదంది. "టైమ్డ్ అవుట్" వస్తే పంపిన ప్యాకెట్‌ని మధ్యలో ఎవరో మింగేశారు. "పర్మిషన్ డినైడ్" వస్తే నెట్‌వర్క్ బాగానే ఉంది, గొడవ కీల దగ్గరో పర్మిషన్ల దగ్గరో ఉంది. ఇక్కడ ఈ మూడూ లేవు. కమాండ్ కొట్టాక కర్సర్ అలా మినుకుమినుకుమంటూ ఉంటుంది.

వర్బోస్ ఆప్షన్ పెట్టి, అంటే 'వి' అక్షరం మూడుసార్లు ఇచ్చి, మళ్లీ కొట్టాను. కనెక్షన్ ఏర్పడింది. అవతల ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.9 ఉందని చెప్పింది. కెక్స్‌ఇనిట్, అంటే కీ మార్పిడి మొదలుపెట్టే మెసేజ్, పంపాను అంది, వచ్చింది అంది. ఏ అల్గారిథంతో కీ మార్పిడి చేసుకోవాలో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత చివరి లైను: "ఎక్స్‌పెక్టింగ్ ఎస్‌ఎస్‌హెచ్2 మెసేజ్ కెక్స్ ఈసీడీహెచ్ రిప్లై". అంతే. అక్కడినుంచి మౌనం.

ఈ లైను చూడగానే అనుభవం ఉన్నవాళ్లకి ఒక అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ అనుమానం వచ్చింది కదా అని అదే నిజమని పట్టుకుంటే మోసపోయిన సందర్భాలు నాకున్నాయి. అందుకే ముందు సర్వర్ వైపు ఏం కనబడుతోందో చూశాను. పాత ల్యాప్‌టాప్‌తో ఒక సర్వర్‌లోకి వెళ్లి, నడుస్తున్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసుని ముట్టుకోకుండా, ఇంకో పోర్టు మీద డీబగ్ మోడ్‌లో రెండో కాపీ నడిపాను. దూరంలో ఉన్న మెషీన్ మీద అసలు సర్వీసుతో ఆటలాడకూడదు. కొత్త ల్యాప్‌టాప్‌తో ఆ పోర్టుకి కనెక్ట్ అయితే సర్వర్ లాగ్‌లో ఇలా వచ్చింది: నీ మెసేజ్ అందింది, జవాబు పంపేశాను, ఇప్పుడు కొత్త కీలు సిద్ధమని చెప్పే నీ న్యూకీస్ మెసేజ్ కోసం చూస్తున్నాను.

క్లయింట్ ఏమో జవాబు రాలేదంటోంది. సర్వర్ ఏమో పంపేశానంటోంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

రెండు నిమిషాలు గడిచాక ఇంకో విచిత్రం. అసలు సర్వీసు లాగ్‌లో "లాగిన్ పూర్తికాకముందే టైమవుట్" అని పడింది. లాగిన్ గ్రేస్ టైమ్ మామూలుగా 120 సెకన్లు కాబట్టి అది సహజమే. సర్వర్ కనెక్షన్ మూసేసింది. క్లయింట్‌కి మాత్రం ఆ సంగతి తెలిసినట్టు లేదు, ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. మూసేశామన్న కబురు కూడా ఎందుకు అందలేదు? ఈ ప్రశ్నని కాగితం మీద రాసుకున్నాను. దీనికి జవాబు దొరికితే కేసు దొరికినట్టే అనిపించింది.

ఈలోగా టీమ్‌లో ఒక కుర్రాడు సంతోషంగా వచ్చాడు.

"సార్, సాల్వ్ అయిపోయింది. కెక్స్ అల్గారిథమ్స్‌లో, అంటే కీ మార్పిడి పద్ధతుల్లో, కర్వ్25519 ఒక్కటే పెడితే లాగిన్ అయిపోతోంది. కొత్త అల్గారిథంలోనే బగ్ ఉంది. మూడు ల్యాప్‌టాప్‌లకి పెట్టేశాను కూడా."

చూపించాడు. నిజంగానే లాగిన్ అయింది. చాలా చోట్ల ఈ కేసు సరిగ్గా ఇక్కడే మూసేస్తారు.

"సరే, ఇప్పుడు అందులో పెద్ద లాగ్ ఫైలు ఏదైనా స్క్రీన్ మీదికి తెప్పించండి" అన్నాను.

కొట్టాడు. స్క్రీన్ గడ్డకట్టుకుపోయింది. ఏ కీ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు.

"ఇది మామూలే సార్. టన్నెల్ స్లో. పాత ల్యాప్‌టాప్‌లో కూడా అప్పుడప్పుడు ఇలాగే అవుతుంది, విండో మూసేసి మళ్లీ తెరుస్తాం."

ఈ "మామూలే" అన్న మాటకి నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అన్నట్టు, ఇలా గడ్డకట్టిన సెషన్‌కి విండో మూయక్కర్లేదు. ఎంటర్ కొట్టి, టిల్డే గుర్తు, దాని వెంటనే చుక్క కొడితే ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ తనంతట తాను తెంపుకుని బయటికి వస్తుంది. ఇది సర్వర్‌ని అడిగి చేసే పని కాదు కాబట్టి అవతలివైపు ఏమైనా సరే పనిచేస్తుంది. పదేళ్లుగా లినక్స్ వాడేవాళ్లలో కూడా చాలామందికి తెలియదు.

"మామూలే" అనుకున్నవన్నీ పోగేస్తే

ఇక అందర్నీ కూర్చోబెట్టి, ఈ టన్నెల్ వచ్చాక అలవాటైపోయిన చిన్న చిన్న చిరాకులన్నీ చెప్పమన్నాను. ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎస్‌ఎస్‌హెచ్ మీద ఫైళ్లు పంపే ఎస్‌సీపీతో ఫైలు బ్రాంచికి పంపితే వెళ్తుంది, అక్కడినుంచి తెచ్చుకోబోతే సున్నా శాతం దగ్గరే ఆగిపోతుంది. అందుకని అవసరమైన ఫైళ్లు ఈమెయిల్‌లో పంపమని బ్రాంచి వాళ్లనే అడుగుతున్నారట. చిన్న కమాండ్లు బాగానే నడుస్తాయి, నిడివైన అవుట్‌పుట్ వస్తే ఇరుక్కుంటుంది. అవతలి మెషీన్ పలుకుతోందో లేదో చూసే పింగ్ ఎప్పుడు చూసినా బ్రహ్మాండంగా ఉంటుంది.

సర్వర్లలో తిరుగుతుంటే ఇంకొకటి దొరికింది. లాగిన్ అవగానే వచ్చే స్వాగత సందేశాన్ని, అదే ఎంఓటీడీని, ఎవరో లాగిన్ మెట్లని నడిపే పామ్ కాన్ఫిగ్‌లో కామెంట్ చేసి, అంటే పనిచేయకుండా ఆపి, పెట్టారు. పైన ఒక నోటు: దీనివల్ల లాగిన్ ఇరుక్కుంటోంది, తీసేస్తే బాగైంది. రాసినవారు ఇప్పుడు ఆ సంస్థలో లేరు. ఆ ఫైలు మార్చిన తేదీ చూస్తే లీజ్డ్ లైన్ తీసేసిన వారమే.

నాకు మొత్తం బొమ్మ కనబడింది. బ్రాంచి నుంచి ఆఫీసు వైపు వచ్చే పెద్ద ప్యాకెట్లు దారిలో పోతున్నాయి. చిన్నవి వస్తున్నాయి. అటువైపు వెళ్లేవి పెద్దవైనా చిన్నవైనా వెళ్తున్నాయి.

దీన్ని ఒక్క పరీక్షతో తేల్చొచ్చు. కొత్త ల్యాప్‌టాప్ నుంచి, ఏ గొడవా లేదనుకున్న ఉబుంటు 20.04 సర్వర్‌లోకి వెళ్లాను. వెయ్యి బైట్ల చెత్త అక్షరాలు తెరమీద వేయమన్నాను, వచ్చాయి. మూడువేల బైట్లు వేయమన్నాను. గడ్డకట్టింది. అంటే 20.04, 22.04 తేడాయే లేదు. తొమ్మిది సర్వర్లకీ ఒకటే జబ్బు. కొన్నిటిలో లాగిన్ అప్పుడే బయటపడుతోంది, కొన్నిటిలో తర్వాత బయటపడుతోంది, అంతే.

మరి లాగిన్ దగ్గర ఆ తేడా ఎందుకు? ఈ భాగమే నాకు ఈ కేసులో బాగా నచ్చింది.

కర్వ్25519తో కీ మార్పిడి జరిగితే రెండు వైపులా ఇచ్చిపుచ్చుకునే పబ్లిక్ కీ 32 బైట్లే. హోస్ట్ కీ, సంతకం అన్నీ కలిపినా, ఈడీ25519 హోస్ట్ కీ ఉన్నప్పుడు, సర్వర్ జవాబు ఐదువందల బైట్లు దాటదు. ఒక ప్యాకెట్లో హాయిగా పడుతుంది. కానీ 2022లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి క్లయింట్ ముందుగా కోరుకునేది ఎస్ఎన్‌ట్రప్761, కర్వ్25519 రెండూ కలిపిన జంట పద్ధతి. ఇవాళ్టి ట్రాఫిక్‌ని దాచిపెట్టుకుని, రేపు క్వాంటం కంప్యూటర్ వచ్చాక విప్పుకుందామనుకునేవాళ్లకి అడ్డుకట్ట అది. దాంట్లో క్లయింట్ పంపే కీ 1158 బైట్లు, సర్వర్ తిరిగి పంపే సైఫర్‌టెక్స్ట్ 1039 బైట్లు, ఒక్కోదానికి కర్వ్ తాలూకు 32 అదనం. హోస్ట్ కీ, సంతకం, మిగతావి చేరేసరికి జవాబు 1500 బైట్ల చుట్టుపక్కలకి వెళ్తుంది. ఒక నిండు ప్యాకెట్, దాని వెనక ఒక చిన్న తోక.

ఉబుంటు 24.04లో ఉన్నది 9.6, కాబట్టి ఈ జంట పద్ధతినే ముందు అడుగుతుంది. 22.04లో ఉన్న 8.9 దాన్ని తనంతట తాను ముందుకు తేదు గానీ అడిగితే ఒప్పుకుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో క్లయింట్ ఇష్టానికే మొదటి ప్రాధాన్యం. 20.04లో ఉన్న 8.2కి ఈ పద్ధతే తెలియదు, కాబట్టి ఇద్దరూ కర్వ్25519కి దిగివస్తారు, జవాబు చిన్నగా వస్తుంది, లాగిన్ అయిపోతుంది. కొత్త సర్వర్లు చెడిపోయినట్టు, పాతవి బాగున్నట్టు కనబడటానికి కారణం ఇదే. 2025లో వచ్చిన 10.0 నుంచి ఎస్ఎన్‌ట్రప్ స్థానంలో ఎంఎల్-కెమ్768 మొదటికి వచ్చింది. దాని సైజులు కూడా ఇంచుమించు ఇంతే, కీ 1184, సైఫర్‌టెక్స్ట్ 1088. ఇలాంటి కేసులు ఇంకా వస్తాయి.

ప్యాకెట్ ఎక్కడ పోతోంది

దారిలో వెళ్లే ప్యాకెట్లని పట్టి చూపించే టీసీపీడంప్ రెండు చోట్ల పెట్టాను, ల్యాప్‌టాప్‌లో ఒకటి, బ్రాంచి రౌటర్‌లో ఒకటి. సర్వర్‌లోనే పెట్టొచ్చు కదా అంటారేమో. నెట్‌వర్క్ కార్డుకి ముక్కలు చేసే పని అప్పగించిన మెషీన్లలో క్యాప్చర్ చూస్తే, తీగ మీదికి ఎప్పుడూ వెళ్లనంత పెద్ద ప్యాకెట్లు కనబడి కంగారు పుడుతుంది. నేను ఒకసారి ఆ కంగారులోనే గంట పోగొట్టుకున్నాను.

ల్యాప్‌టాప్ వైపు క్యాప్చర్‌లో సర్వర్ జవాబు తాలూకు తోక మాత్రం వచ్చింది, దాని ముందున్న 1448 బైట్ల ముక్క రాలేదు. ల్యాప్‌టాప్ వెంటనే "నాకు ఈ తోక అందింది, ముందు ముక్క కావాలి" అని శాక్ అనే టీసీపీ సూచనతో చెప్పింది. బ్రాంచి రౌటర్ వైపు చూస్తే సర్వర్ ఆ 1448 బైట్ల ముక్కని మళ్లీ మళ్లీ పంపుతోంది, ప్రతిసారీ విరామం రెట్టింపు చేసుకుంటూ. రౌటర్ లోపలి కార్డు దాకా వచ్చింది, టన్నెల్‌లోకి మాత్రం దిగలేదు.

కాగితం మీద రాసుకున్న ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు దొరికింది. రెండు నిమిషాలకి సర్వర్ పంపిన, కనెక్షన్ మూసేశానని చెప్పే ఫిన్ ప్యాకెట్ చిన్నది, ల్యాప్‌టాప్‌కి చేరింది. కానీ టీసీపీ వరస తప్పనివ్వదు. మధ్యలో 1448 బైట్ల గొయ్యి పూడేదాకా దాని తర్వాత వచ్చిందేదీ, చివరికి "మూసేశాం" అన్న కబురు కూడా, ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌కి అందదు. అందుకే క్లయింట్ అలా కూర్చుండిపోయింది.

ఇప్పుడు లెక్క. ఎంటీయూ అంటే ఒక దారిలో పట్టే అతిపెద్ద ప్యాకెట్ సైజు. సర్వర్ ఈథర్‌నెట్ ఎంటీయూ 1500. వైర్‌గార్డ్ టన్నెల్ ఎంటీయూ 1420. 1500 బైట్ల ప్యాకెట్ 1420 సందులోంచి పట్టదు. దాని మీద "ముక్కలు చేయొద్దు" అన్న డీఎఫ్ బిట్ ఉంది కాబట్టి రౌటర్ దాన్ని కోయకూడదు. అలాంటప్పుడు రౌటర్ దాన్ని పారేసి, పంపినవాడికి, నెట్‌వర్క్ ఇబ్బందుల కబుర్లు మోసే ఐసీఎంపీలో ఒక కబురు పంపుతుంది. టైప్ 3, కోడ్ 4: ముక్కలు చేయాల్సివస్తోంది, నా దారి 1420 మాత్రమే. ఆ కబురు అందుకుని సర్వర్ చిన్న ముక్కలుగా మళ్లీ పంపాలి. 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1191లో ఉన్న ఏర్పాటు ఇది. మొత్తం వ్యవహారం ఆ ఒక్క ఐసీఎంపీ కబురు మీదే ఆధారపడి ఉంది.

ముక్కలు చేయొద్దన్న షరతుతో రెండు వైపుల నుంచీ పింగ్ చేశాను. ల్యాప్‌టాప్ నుంచి 1472 బైట్లు పెడితే, హెడర్లకి 28 కలుపుకుని 1500 అవుతుంది, ఇటువైపు రౌటర్ వెంటనే "ఎంటీయూ 1420" అని జవాబిచ్చింది. అందుకే ఇటునుంచి అటు పెద్ద ఫైళ్లు వెళ్తున్నాయి. అదే పింగ్ సర్వర్ నుంచి చేస్తే నిశ్శబ్దం. 1392 పెడితే మాత్రం, అంటే సరిగ్గా 1420, రెండు వైపులా వెళ్లింది. సైజు చెప్పకుండా మామూలు పింగ్ చేస్తే వెళ్లేది చాలా చిన్న ప్యాకెట్, అది ఈ సందులోంచి హాయిగా పడుతుంది. "పింగ్ బ్రహ్మాండంగా ఉంది" అన్న మాట ఇన్ని నెలలు అందర్నీ మోసం చేసింది అందుకే.

బ్రాంచి రౌటర్ ఆ కబురు పంపుతోందా? పంపుతోంది, క్యాప్చర్‌లో ఉంది. సర్వర్ దాకా చేరుతోందా? చేరుతోంది. మరి? సర్వర్ ఫైర్‌వాల్ తాలూకు ఐపీటేబుల్స్ రూల్స్ తీశాను. తొమ్మిది సర్వర్లకీ ఒకే స్క్రిప్టు. మొదటి రూల్: పింగ్ అడగడం, జవాబివ్వడం అనుమతి. రెండోది: మిగతా ఐసీఎంపీ అంతా డ్రాప్. ఎస్టాబ్లిష్డ్, రిలేటెడ్ ట్రాఫిక్‌ని, అంటే నడుస్తున్న కనెక్షన్లదాన్నీ వాటికి సంబంధించినదాన్నీ, అనుమతించే రూల్ ఆ తర్వాత మూడో స్థానంలో ఉంది. మనకి కావాల్సిన ఐసీఎంపీ కబురు "రిలేటెడ్" కిందకే వస్తుంది. రూల్ ఉంది. కానీ దాని వంతు రాకముందే పై రూల్ పీక నొక్కేస్తోంది. ఐసీఎంపీ అంటే దాడి చేసేవాళ్లు వాడేది, మొత్తం ఆపేస్తే సెక్యూరిటీ అన్న నమ్మకం ఎప్పటినుంచో ఉంది, ఇంకా పోలేదు.

నమ్మకం కోసం ఆ డ్రాప్ రూల్ పక్కన ఉండే ప్యాకెట్ కౌంటర్ చూస్తూ కొత్త ల్యాప్‌టాప్ నుంచి లాగిన్ కొట్టమన్నాను. సర్వర్ ఆ ముక్కని మళ్లీ పంపిన ప్రతిసారీ కౌంటర్ ఒకటి పెరిగింది. అర సెకను, ఒక సెకను, రెండు సెకన్లు, నాలుగు... గదిలో అందరూ ఆ అంకె వైపే చూస్తున్నారు. ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

లీజ్డ్ లైన్ ఉన్నప్పుడు దారి పొడవునా 1500 ఉండేది, కాబట్టి ఈ కబురు అవసరమే పడలేదు. ఫైర్‌వాల్‌లో తప్పు ఎప్పటినుంచో ఉంది, టన్నెల్ వచ్చాక నొప్పి మొదలైంది, కొత్త ల్యాప్‌టాప్‌లు వచ్చాక కేక వినబడింది.

సరిచేయడం, మధ్యలో నా పొరపాటు

చేసినవి రెండు పనులు. సర్వర్లలో రూల్స్ వరస మార్చి, రిలేటెడ్ రూల్‌ని పైకి తెచ్చాం, టైప్ 3 ఐసీఎంపీకి విడిగా కూడా అనుమతి ఇచ్చాం. దూరంలో ఉన్న మెషీన్ మీద ఫైర్‌వాల్ మార్చేటప్పుడు నా పద్ధతి ఒకటే: ఐదు నిమిషాల తర్వాత పాత రూల్స్ వాటంతటవే వెనక్కి వచ్చేలా టైమర్ పెట్టాకే కొత్తవి వేస్తాను. కొత్తగా ఇంకో లాగిన్ చేసి చూసుకుని, సరేననుకున్నాక టైమర్ తీసేస్తాను. టెన్షన్ ఉండదు.

రెండోది, రెండు రౌటర్లలోనూ ఎంఎస్ఎస్ క్లాంపింగ్. టన్నెల్‌లోంచి వెళ్లే, కనెక్షన్ మొదలుపెట్టే ప్రతి టీసీపీ సిన్ ప్యాకెట్లో "నేను ఇంత పెద్ద ముక్క తీసుకోగలను" అని ఉండే అంకెని రౌటర్ 1380కి తగ్గించేస్తుంది, 1420లోంచి హెడర్ల 40 తీసేస్తే వచ్చేది. దాంతో రెండు వైపులా మొదటినుంచీ చిన్న ముక్కలే పంపుకుంటారు, ఐసీఎంపీ కబురు దారిలో ఎవరు మింగినా ఫర్వాలేదు. ఇది ఒక్కటి చాలదా అని అడిగారు. టీసీపీకి చాలు. ముందుగా కనెక్షన్ కుదుర్చుకోకుండానే పంపే యూడీపీకి సిన్ ఉండదు, క్లాంపింగ్ దాన్ని ముట్టుకోదు. పైగా రేపు ఐపీవీ6 పెడితే అక్కడ దారిలో రౌటర్లు ముక్కలు చేయవు, "ప్యాకెట్ టూ బిగ్" కబురు తప్పనిసరి. ఐసీఎంపీ మొత్తం ఆపే అలవాటు ఇప్పుడే మానుకోవడం మంచిది.

ముందు క్లాంపింగ్ ఒక్కటే పెట్టి, దాని ప్రభావం విడిగా చూద్దామని నా సొంత ల్యాప్‌టాప్ నుంచి పరీక్షించాను. మూడువేల బైట్లు అడిగాను. గడ్డకట్టింది. రూల్ మళ్లీ చదివాను, సరిగ్గానే ఉంది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే. ఇరవై నిమిషాలు రౌటర్‌లో తవ్వాక వెలిగింది. నా ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో కంట్రోల్ మాస్టర్, కంట్రోల్ పెర్సిస్ట్ ఉన్నాయి. ఒకసారి తెరిచిన టీసీపీ కనెక్షన్నే తర్వాతి లాగిన్‌లన్నీ వాడుకుంటాయి. ఎంఎస్ఎస్ మాటలు కుదిరేది సిన్ అప్పుడు మాత్రమే. నేను పొద్దున తెరిచిన పాత కనెక్షన్ మీదే పదేపదే పరీక్షిస్తున్నాను. ఆ మాస్టర్‌ని మూసేసి కొత్తగా లాగిన్ చేస్తే మూడువేలు కాదు, ముప్ఫై లక్షల బైట్లు గలగలా వచ్చేశాయి. అప్పటినుంచి నెట్‌వర్క్ పరీక్షలకి కంట్రోల్ పాత్ 'నన్' అని పెట్టి కొడుతున్నాను.

తర్వాత ఆ మూడు ల్యాప్‌టాప్‌లలో పెట్టిన కర్వ్25519 అడ్డదారి తీయించాను. దాన్ని పెట్టిన కుర్రాడికి కొంచెం బాధనిపించినట్టుంది. నిజానికి ఆ అడ్డదారి లేకపోతే కొత్త ల్యాప్‌టాప్ నుంచి లోపలికి వెళ్లి పరీక్షలు చేయడం ఇంత తేలికయ్యేది కాదు, ఆ మాట అతనికి చెప్పాను. కానీ దాన్ని అలాగే వదిలేస్తే క్వాంటం రక్షణ ఊరికే పోతుంది, పైగా ఎందుకు పెట్టామో రెండేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

అంతా అయ్యాక ఒక ల్యాప్‌టాప్ నుంచి మాత్రం "టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్" అని వచ్చింది. కంగారు పడ్డారు గానీ ఇది వేరే ఊసు. కీలు పదేపదే మార్చిన రోజుల్లో ఆ ల్యాప్‌టాప్‌లో కీలు పట్టి ఉంచే ఏజెంట్‌లో ఎనిమిది కీలు పోగయ్యాయి. క్లయింట్ వాటిని ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ పోతుంది, సర్వర్ ఒప్పుకునే ప్రయత్నాలు, అంటే మాక్స్ ఆత్ ట్రైస్, ఆరు. సరైన కీ వంతు వచ్చేలోపే గేటు పడిపోయింది. ఐడెంటిటీస్ ఓన్లీ పెట్టి, ఏ కీ వాడాలో ఫైలు పేరుతో చెప్తే పోయింది.

చివరగా, ఆ ఎంఓటీడీ లైన్ల మీద కామెంట్ తీసేశాం. కొత్త ల్యాప్‌టాప్ నుంచి 22.04 సర్వర్‌కి లాగిన్ అయితే స్వాగత సందేశం ఆసాంతం వచ్చింది, ఎక్కడా ఇరుక్కోలేదు. దాని అడుగున ఒక లైను, ఇన్ని నెలలుగా ఎవరి కంటా పడనిది: సిస్టమ్ రీస్టార్ట్ అవసరం.